ఒకటో నంబరు తాతకే

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: గంగులప్ప తాత, శాంతమ్మ అవ్వ, నరసింహులు మామ, మునీశ్వరి అత్త, వాళ్ల కూతురు చంద్రిక వదిన, నేను. ఇంకా హాల్లో గోడకు తగిలించిన తెల్ల పెట్టె. పెట్టెను మనుషుల లెక్కలో వేయకూడదని నాకూ తెలుసు. కానీ ఆ రోజు గొడవంతా దాన్ని మనుషుల లెక్కలో వేసినందుకే వచ్చింది. అందుకని డైరీలో కూడా అలాగే రాశాను.

ఇల్లు పుంగనూరులో మా మామవాళ్లది. కింద విత్తనాల అంగడి, పైన ఇల్లు. మాది నిమ్మనపల్లె దగ్గర పల్లె. పదో తరగతి పరీక్షలు అయిపోయాయని నెల రోజులు ఉండడానికి వచ్చాను. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడదామని నోరు తెరిచేసరికి అవతలివాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోయి ఉంటారు. అందుకే ఈ ఇంట్లో నా ముందు అందరూ అన్నీ మాట్లాడేస్తారు, మూలనున్న కుర్చీ ముందు మాట్లాడినట్టు. ఆ కుర్చీకి ఒక డైరీ ఉందని వాళ్లకు తెలీదు.

సాయంత్రం నాలుగు గంటలకు చంద్రిక వదినకు ఇంటర్వ్యూ. కుప్పంలో ఒక పాల కంపెనీలో, పాలు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. వదిన మదనపల్లెలో మైక్రోబయాలజీ చదివింది. చుక్క పాలు చాలు, అందులో ఎన్ని రకాల పురుగులు ఈదుతున్నాయో చెబుతుంది. అది విన్నప్పటి నుంచి అవ్వ కాఫీ మానేసింది.

ఇది వదినకు మూడో ఇంటర్వ్యూ. మొదటిదానికి అనంతపురం వెళ్తే పోస్టు అప్పటికే నిండిపోయిందన్నారు. రెండోది ఫోన్‌లోనే వీడియో. మామవాళ్ల వీధిలో వీడియోకు సరిపడే ఫోన్ సిగ్నల్ మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక్కచోటే వస్తుంది. వదిన అక్కడ నిలబడి ఇంగ్లీషులో తన గురించి చెబుతూ ఉంటే వెనక అవ్వ వచ్చి తాత పంచె పిండి, విదిలించి, తీగ మీద ఆరేసింది. ఆ కంపెనీవాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

అప్పుడు తాత తేల్చేశాడు. "ఇంగొక్కసారి సూడు. అది గూడా పొయ్యిందంటే అంగట్లో కూసో. ఉద్యోగం మాట మళ్లా ఎత్తొద్దు." తాత ఒక మాట అన్నాడంటే ఆ ఇంట్లో ఇక అంతే. వదిన ఆ రోజు నుంచి కుప్పం ఇంటర్వ్యూ కోసమే చదువుతోంది. కుప్పంలో కీర్తి అనే స్నేహితురాలు తన గదిలో చోటు కూడా ఉంచింది.

అందుకోసమే ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చింది. మామ మాత్రం అంగడి కోసమని అందరికీ చెప్పుకున్నాడు. సోమవారం మదనపల్లె నుంచి సుదర్శన్ అనే ఆయన వచ్చి, వైరు లాగి, గోడకు రౌటర్ బిగించాడు. అదే తెల్ల పెట్టె. అంగడి కంప్యూటరు, బిల్లులు కొట్టే మిషను, అంగడి వాకిట్లో కెమెరా, ఇంట్లోవాళ్ల ఫోన్లు అన్నీ దానికి కలిపాడు. ఇంతలో కరెంటు పోయి వచ్చింది. మామ బిల్లు కొడితే మిషను కదల్లేదు.

"ఇదే దీంతో ఇబ్బంది," అన్నాడు సుదర్శన్. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి నాకే చెప్పాడు. "సూడు పాపా, ఇంట్లో ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటాది. వీధిలో ఇండ్లకు నంబర్లు ఉన్నట్ల. కరెంటు పొయ్యొస్తే ఈ పెట్టె మళ్లా మొదట్నించి నంబర్లు పంచుతాది. ముందొచ్చినోళ్లకు ముందు. పొద్దున బిల్లు మిషనుకు ఉండిన నంబరు ఇప్పుడు మీ అవ్వ ఫోనుకు పొయ్యింది. కంప్యూటరు పాపం బిల్లును మీ అవ్వకు పంపిస్తాండాది."

నాకు నవ్వు వచ్చింది. తల వంచుకున్నాను.

"కాబట్టి ఎవరి నంబరు వాళ్లకు మనమే రాసి పెట్టెయ్యాల. ముందర మూడు ముక్కలూ అందరికీ ఒకటే. కడాకు ఉండే ముక్క నీ ఇష్టం. రెండు నుంచి రెండు వందల యాభై నాలుగు దాకా ఏదన్నా పెట్టుకో, ఒకదానికి పెట్టింది ఇంకోదానికి పెట్టొద్దు. ఒకటి మాత్రం ముట్టుకోవద్దు. అది పెట్టెది. ఇంట్లోంచి బయటికి పొయ్యేదానికి వాకిలి అదే. ప్రతిదాంట్లో గేట్‌వే అని ఒక గడి ఉంటాది, ఆడ ఒకటో నంబరు రాస్తే అందరూ ఆ వాకిట్లోంచి పోతారు. తెలిసిందా?"

తల ఊపాను. ఆయన బిల్లు మిషనుకు తానే పెట్టి చూపించాడు. తర్వాత అట్టపెట్టె ముక్క మీద 192.168.1 అని రాసి, పక్కన చుక్క పెట్టి, మిగతావి నన్ను చేయమని చెప్పి మదనపల్లె బస్సుకు పరిగెత్తాడు. నేను ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అదంతా డైరీలోకి ఎక్కించుకున్నాను.

నా చేతికి ఇలాంటి పని రావడం అదే మొదటిసారి. ఇంట్లో ఎవరికి ఏ నంబరో నేను నిర్ణయించాలి. మంగళవారమంతా కూర్చుని నిర్ణయించాను.

కంప్యూటరుకు పది. బిల్లు మిషను సుదర్శన్ పెట్టినట్టే పదకొండు. కెమెరాకు పన్నెండు. వదిన ల్యాప్‌టాప్‌కు ఇరవై మూడు, ఆమె వయసు. మునీశ్వరి అత్త ఇంట్లో ఎవరు ఎక్కడికి పోయారో, ఎందుకు పోయారో, ఎప్పుడొచ్చారో అన్నీ విచారిస్తుంది కాబట్టి ఆమె ఫోనుకు పోలీసుల నంబరు, నూరు. శాంతమ్మ అవ్వకు రోజుకొక చోట నొప్పి కాబట్టి ఆంబులెన్సు నంబరు, నూట ఎనిమిది. మామ కొనేవాళ్లకు మొలకెత్తని విత్తనం అంటూ లోకంలో లేదని చెబుతాడు కాబట్టి నాలుగు వందల ఇరవై ఇద్దామనుకున్నాను. ఫోను ఒప్పుకోలేదు, అంత పెద్ద నంబరు లేదంది. చివరి సున్నా తీసేసి నలభై రెండు ఇచ్చాను. తాతకు ఒక టాబ్లెట్ ఉంది. అందులో హరికథలు దాచిపెట్టుకుని వింటాడు. దానికి డెబ్బై ఎనిమిది, ఆయన వయసే.

అన్నిటికీ నంబర్లు పెట్టాను, గేట్‌వే గడిలో ఒకటి రాశాను. కరెంటు రెండుసార్లు పోయి వచ్చినా బిల్లులు బాగా వచ్చాయి. మామ నన్ను మెచ్చుకుని, నేను ఉన్న గదిలోనే అత్తతో "ఆ పాప యాడ ఉండాది?" అని అడిగాడు.

అత్త ఆ పట్టీని ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకు అంటించమంది. అంటించాను. అదే తప్పయింది.

బుధవారం, అంటే ఇంటర్వ్యూ రోజు, పదకొండు గంటలప్పుడు తాత ఆ కాగితం ముందు ఆగాడు. అద్దాలు తుడుచుకున్నాడు. చదివాడు. వెనక్కి పోయి కుర్చీ తెచ్చుకుని, దాని ముందే కూర్చుని మళ్లీ చదివాడు.

"ఏమ్మే తేజూ. నాది యాడ ఉండాది?"

చూపించాను.

"డెబ్బై ఎనిమిదా? నాకంటే ముందు కంప్యూటరు. సరే. బిల్లు మిషను. సరే. కెమెరా." తాత నా వైపు తిరిగాడు. "వాకిట్లో కావలి ఉండేది నాకంటే ముందా? దాని యెనకాల నీ వదిన, మీ మామ. వీళ్లంతా అయినాంక నేను. ఒకటి ఎవరికిచ్చినావు?"

నేను గోడ మీది పెట్టెను చూపించాను.

తాత పెట్టెను చూశాడు. పెట్టె మీద చిన్న పచ్చదీపం మిణుకుమిణుకుమంటోంది, ఏమీ ఎరగనట్టు.

"ఇది మొన్న సోమారం అట్టపెట్టెలో వచ్చింది. నేను ఈ ఇంటికి పునాది తవ్వినోణ్ణి. దీనికి ఒకటి, నాకు డెబ్బై ఎనిమిదా?"

అవ్వ వంటింట్లోంచి చిక్కుడుకాయలు ఒలుస్తూనే అంది, "నంబర్లో ఏముండాదయ్యా, నీకు తినే ముద్ద తగ్గిందా?"

"ముద్ద గాదు మే. వరస."

అవ్వ మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. తాత వరస అన్నాడంటే ఏ కథ వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఒక యేడు జాతరలో తొలి తాంబూలం తాతకు ఇవ్వకుండా వెంకటేశులు అనే ఆయనకు ఇచ్చారు. పూజారి కళ్లద్దాలు మరిచిపోయి వచ్చాడని, మనిషిని గుర్తు పట్టలేదని అందరూ చెప్పారు. తాత వినలేదు. తర్వాత తనకిచ్చిన వక్కాకు పళ్లెంలోనే పెట్టేసి వచ్చాడు. మూడేళ్లు మా తాత ఇంటి నుంచి జాతరకు ఎవరూ పోలేదు. నాలుగో యేడు పూజారి తాంబూలం పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చి, ముందు తాతకిచ్చి, తర్వాత జాతర మొదలుపెట్టాడు. ఇప్పటికీ అట్లాగే నడుస్తోంది.

"ఒకటి పెట్టెది తాతా," అన్నాను. ఎలాగో ఆ మాత్రం బయటికి వచ్చింది.

"పెట్టెకు రెండు పెట్టు. పెట్టె ఏమన్నా అలుగుతాదా?"

"సుదర్శన్ అన్న ముట్టుకోవద్దన్నాడు."

"సుదర్శన్ ఈ ఇంట్లో అన్నం తింటాండాడా, నేను తింటాండానా? ఇదిగో, తీసుకో." టాబ్లెట్ నా చేతిలో పెట్టాడు. "ఒకటి రాయి."

ఇక్కడ నిజం రాయాలి. నేను తాతకు భయపడి రాశానని అందరికీ చెప్పాను. అది సగమే. ఒకే నంబరు ఇద్దరికి ఉంటే ఏమవుతుందో చూడాలని నాకు సోమవారం నుంచి ఉంది. ఆ సగం భయంలేని సగం. ఒకటి రాశాను. తాత ఆ అంకెను కళ్లద్దాలు పెట్టుకుని చూసి, కళ్లద్దాలు తీసి చూసి, గోడ మీది కాగితంలో డెబ్బై ఎనిమిదిని తన చేత్తోనే కొట్టేసి, అన్నిటికంటే పైన "1. గంగులప్ప" అని రాసుకున్నాడు. తర్వాత కుర్చీలో వాలి హరికథ పెట్టుకున్నాడు.

ఆ తర్వాతది డైరీలో ఉన్నది ఉన్నట్టు:

11.40 తాత టాబ్లెట్ తెరిచాడు.
11.43 అత్త ఫోనులో సీరియల్ ఆగిపోయింది. "ఈ నెట్టు మన మొగానికేనా" అంది.
11.50 మామ పైకొచ్చి పెట్టె నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. దీపం వెలుగుతూనే ఉంది.
1.10 తాత అన్నం తిని, టాబ్లెట్ ఆపేసి పడుకున్నాడు.
1.12 సీరియల్ వచ్చింది. మామ తన చేతి దెబ్బ మహిమ అన్నాడు.
2.55 తాత లేచాడు. హరికథ.
2.57 వదిన గదిలోంచి కేక.

వదిన గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. నీలం చుడీదార్ ఇస్త్రీ చేసి వేసుకుంది. జడ రెండుసార్లు వేసుకుంది. వెనక గోడకు తాత పంచెల జాడ లేకుండా చూసుకుంది. ల్యాప్‌టాప్ తెర మీద ఇంటర్నెట్ లేదు అని వస్తోంది. "రాత్రంతా బాగుండింది గదా! పొద్దున గూడా బాగుండింది! అమ్మా, ఎవరు ముట్టుకున్నారు దాన్ని?"

అత్త వచ్చింది, అవ్వ వచ్చింది, మామ కింద నుంచి వచ్చాడు. పెట్టె ఆపి మళ్లీ వేశారు. వైరు పీకి ఊది పెట్టారు. అవ్వ దానికి దిష్టి తగిలిందంది. హాల్లో తాత మాత్రం హరికథలో సీతమ్మవారి కష్టాలకు అయ్యో అంటున్నాడు. ఆ కథ ఎప్పటిదో టాబ్లెట్లో దాచిపెట్టింది కాబట్టి దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

"మిద్దె మీదికి పో," అన్నాడు మామ.

బయట వాన మొదలైంది. మామిడికాయల కాలంలో వచ్చే వాన, ఉరుములతో. వదిన కిటికీలోంచి ఆ వానను చూసి, ఏడవకుండా ఉండడానికి పైకి చూసింది. కాటుక పెట్టుకుంది కాబట్టి ఏడవకూడదు.

నేను డైరీ తెరిచి చూసుకున్నాను. తాత లేచి ఉంటే ఇంటర్నెట్ లేదు. తాత పడుకుంటే ఉంది. అంతే సంగతి. ఏమవుతుందో చూద్దామనుకున్నది ఇదే, కళ్ల ముందే ఉంది.

సుదర్శన్ నంబరు పెట్టె కింద చీటీ మీద ఉంది. నేను ఇంతవరకు బయటివాళ్లకు ఎవరికీ ఫోన్ చేయలేదు. మా అమ్మతో మాట్లాడాలన్నా అమ్మే నాకు చేస్తుంది. అత్త పాత ఫోను తీసుకుని మెట్ల కిందికి పోయి, అంగడి వాకిట్లో వాన జల్లు పడే చోట నిలబడి చేశాను. సిగ్నల్ ఒక గీత వచ్చింది.

"ఎవరూ?"

"నేను." వానలో ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను. "పుంగనూరు. విత్తనాల అంగడి. పాపను."

"ఆఁ, చెప్పమ్మా. నేను కుప్పం నుంచి వస్తాండాను, పలమనేరులో బస్సు మారాల. ఏమైంది?"

"ఒకటో నంబరు తాతకు పెట్టినాను."

అటు నుంచి బస్సు హారన్ వినిపించింది. తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. బస్సులో పక్కనున్న వాళ్లకు కూడా చెప్పి నవ్వాడు. "పాపా, ఇప్పుడు ఇంట్లో అన్నీ బయటికి పొయ్యే వాకిలి మీ తాతే అనుకుంటాండాయి. పొయ్యి ఆయన టాబ్లెట్లో ఆగిపోతాండాయి. ఆయన బయటికి ఎవుర్నీ పోనిస్తాడా? పోనీడు. ఆయన నంబరు మార్చెయ్యి, అంతే."

"ఒప్పుకోడు."

"ఒప్పుకోకుంటే..." అన్నాడు. ఆ గీత కూడా పోయింది.

పైకి వచ్చాను. మూడున్నర. తాత టాబ్లెట్ తీసుకుని ఆయనకు తెలీకుండా నంబరు మార్చేద్దామా అనుకున్నాను. కానీ ఆయన ఇప్పుడు హరికథ మధ్యలో కూడా ఆపి, ఆ ఒకటిని తెరిచి చూసుకుని, మళ్లీ కథలోకి పోతున్నాడు. ఆయన దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాను.

"తాతా. ఆ నంబరు వల్లే వదినకు నెట్టు రావడంలేదు."

తాత కథ ఆపాడు. "నా వల్లనా?"

"పెట్టె కూడా ఒకటే, నువ్వు కూడా ఒకటే. రెండు ఒకట్లు ఉండకూడదంట."

"అదే గదా నేను పొద్దున్నించి సెప్తాండేది! ఒక ఇంట్లో రెండు ఒకట్లు యాడుంటాయి? దాన్ని తియ్యి." తాత టాబ్లెట్ రొమ్ముకు ఆనించుకున్నాడు. "మే, నేను మనవరాలికి అడ్డమా? అది ఉద్యోగం తెచ్చుకుంటే నేను కాదన్నానా? అడ్డం ఆ పెట్టెది. అది ఏం పని సేస్తాది సెప్పు?"

"అందరికీ బయట నుంచి నెట్టు తెచ్చి ఇస్తుంది."

"అంటే వడ్డించేది."

"ఊఁ."

"వడ్డించేవాడు యాడ కూసుంటాడు? మీ అమ్మ పెండ్లిలో వడ్డించింది నేను. మూడు పంక్తులు లేసినాంక, నాలుగో పంక్తిలో అందరి కడాకు కూసున్నా. నాకు మిగిలింది ఏందో తెలుసా? చారు. వట్టి చారు. అయినా నేను ముందు కూసుంటానన్నానా? వడ్డించేవానికి తొలి విస్తరి వేస్తే పంక్తి నడుస్తాదా?"

నేను తాతను చూశాను. తర్వాత పెట్టెను చూశాను. సుదర్శన్ చెప్పింది గుర్తొచ్చింది. రెండు నుంచి రెండు వందల యాభై నాలుగు దాకా. పెట్టెకు ఒకటే ఉండాలని ఏముంది? అది ఎక్కడున్నా వాకిలే. అందరికీ వాకిలి ఎక్కడుందో చెబితే చాలు.

"తాతా, మరి పెట్టెను ఆఖర్న కూర్చోబెడదామా? రెండు వందల యాభై నాలుగు. అన్నిటికంటే కడపటి నంబరు."

"అట్ల సెప్పు!" తాత తొడ మీద చరిచాడు. "అదీ వరస."

"కానీ పెట్టె లేచి అటు పోవాలంటే ఇక్కడ ఒకటో నంబరులో ఇంకొకరు ఉండకూడదు. నువ్వు ఒక్క పది నిమిషాలు లేచి నిలబడాలి. అంటే టాబ్లెట్ ఆపెయ్యాలి."

తాత అనుమానంగా చూశాడు. "నేను లేస్తే నా చోట్లో ఇంకెవరన్నా కూసుంటే?"

"నేను కాపలా ఉంటాను."

తాత నా ముఖం చూశాడు. నేను ఇన్ని మాటలు మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. టాబ్లెట్ ఆపి, దాని మీద భుజం మీది తువ్వాలు వేశాడు, బస్సులో సీటు మీద వేసినట్టు.

పెట్టె నంబరు మార్చే పేజీ తెరవాలంటే వదిన ల్యాప్‌టాప్ కావాలి. మూడూ నలభై. వదిన గోళ్లు కొరుకుతోంది.

"వదినా, ల్యాప్‌టాప్ ఇయ్యి."

"ఇప్పుడా? పిచ్చా నీకు?"

చెప్పేశాను. అంతా చెప్పలేదు. తాత, ఒకటో నంబరు, నా చేతులు. భయంలేని సగం గురించి చెప్పలేదు.

వదిన నన్ను చూసిన చూపు నేను డైరీలో కూడా రాయలేకపోయాను. "మొగం సూస్తే నోట్లో నాలిక లేనట్టుంటావు. చేతుల్లో ఇంత ఉండాదా? మే, ఇదిగానీ పొయ్యిందంటే నేను జన్మంతా అంగట్లో టమోటా విత్తనాలు తూకం వేస్తా, నిన్ను పక్కన నిలబెట్టుకుని సంచులు పట్టిస్తా!"

"పది నిమిషాలు," అన్నాను.

వదిన లేచింది. నేను కూర్చున్నాను. తాత టాబ్లెట్ ఆగి ఉంది కాబట్టి పెట్టె పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డు చీటీలో ఉంది. పెట్టె సొంత నంబరు ఉన్న గడి వెతికి, ఒకటి చెరిపి, రెండు వందల యాభై నాలుగు రాశాను. సేవ్ అని నొక్కాను.

పేజీ మాయమైంది. హాల్లో పెట్టె మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

"సంపేసినావా?" అంది వదిన, గొంతు తగ్గించి.

"లేస్తుంది."

నేను లేస్తుందని అన్నానే గానీ నాకు తెలీదు. ఇంట్లో అందరం పెట్టె ముందు నిలబడ్డాం. తాత కూడా లేచి నిలబడ్డాడు, కాకపోతే తువ్వాలు మీద ఒక చెయ్యి ఉంచుకుని. ఒక దీపం ఎర్రగా వెలిగింది. అవ్వ దండం పెట్టింది. రెండోది ఎర్రగా. మూడూ యాభై. రెండూ ఎర్రగానే ఉన్నాయి. మూడూ యాభై రెండుకు ఒకటి పచ్చగా మారింది. ఆ తర్వాత అన్నీ.

"వచ్చింది!" అని అత్త సీరియల్ చూద్దామని ఫోను తీసింది. రాలేదు. వదిన ల్యాప్‌టాప్ చూసింది. రాలేదు.

"మే తేజూ!"

"వాకిలి మారింది గదా వదినా. ల్యాప్‌టాప్ ఇంకా పాత వాకిలి దగ్గరే నిలబడి తలుపు కొడుతోంది." గేట్‌వే గడి తెరిచాను. ఒకటి చెరిపి 254 రాశాను. మూడూ యాభై ఆరు. తెర మూలలో గుర్తు ఒక క్షణం ఆలోచించి, తెల్లగా వెలిగింది. వదిన నన్ను పక్కకు తోసి కూర్చుంది. తోసిందా, భుజం తట్టిందా అనేది ఇప్పటికీ తేలలేదు. రెండూ ఒకే చేత్తో చేసింది.

హాల్లోకి వచ్చి తాత టాబ్లెట్లో కూడా గేట్‌వే మార్చి ఇచ్చాను. తాత తెరిచి చూసుకున్నాడు. ఒకటి. నెట్టు కూడా వచ్చింది. లేచి పోయి గోడ మీది కాగితం అట్టడుగున తన చేత్తో "254. పెట్టె" అని రాసి, కింద గీత గీశాడు, ఇక ఎవరూ దూరకుండా.

కింద నుంచి మామ అరిచాడు. "ఏమ్మే! కెమెరా కనపడ్లేదు!"

అత్త అంది, "నాది గూడా సుట్టుకుంటానే ఉండాది. ఏమ్మే తేజూ, నాది గూడా సెయ్యి."

వాళ్ల ఫోన్లలో ఇంకా పాత వాకిలే ఉంది. అంటే తాత. ఒక్కోదానికి గేట్‌వే మార్చడం రెండు నిమిషాల పని. కానీ సీరియల్ నడిస్తే, కెమెరా నడిస్తే, వదిన వీడియోకు ఎంత మిగులుతుంది? పంక్తిలో ఈ పూట ఒక్క విస్తరే.

"చాలా కష్టం అత్తా," అన్నాను. "ఒక గంట పడుతుంది."

నేను అబద్ధం చెబుతానని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. అత్త నమ్మి చిక్కుడుకాయల దగ్గరికి పోయింది. తాత టాబ్లెట్లోంచి తల ఎత్తి నన్ను చూశాడు. హరికథ చప్పుడు బాగా తగ్గించుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, పూర్తిగా ఆపేశాడు. టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని వదిన గది వైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

నేను గది వాకిట్లోకి పోయి నిలబడ్డాను. ల్యాప్‌టాప్ తెర మీద ఒక చక్రం గిర్రున తిరిగింది. ఆగింది. కుప్పం కనిపించింది. ఒక గోడ, ఒక క్యాలెండరు, ఒక మేడమ్, పక్కన ఒక బట్టతల సారు. ఇద్దరూ కదులుతున్నారు. మేడమ్ కాఫీ గ్లాసు పక్కకు జరపడం కూడా స్పష్టంగా కనిపించింది.

"చంద్రికా, మా మాట వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది మేడమ్. చాలా బాగా వినిపిస్తోంది."

నేను ఇంకొక అడుగు లోపలికి వేశాను. ఆ సారు మొదటి ప్రశ్న ఏమి అడుగుతాడో విని డైరీలో రాసుకోవాలి గదా. డైరీ చేతిలోనే ఉంది, పెన్ను మూత కూడా తీశాను. వదిన తెర వైపు నవ్వుతూనే, చూపు కుప్పం మీది నుంచి తిప్పకుండానే, కుర్చీలోంచి కాలు బారుగా చాపి, పాదంతో తలుపును తోసింది. నేను వెనక్కి గెంతేసరికి తలుపు నా ముక్కు ముందే మూసుకుంది.